వెనక నిలబడ్డ గొంతు

రికార్డింగ్ స్టూడియో, మెట్ల మీద నుంచి

ఒసే నగారా,

మాస్టారు పెట్టిన ఈ పేరంటే నీకు ఒళ్ళుమంట అని తెలుసు. అయినా అదే రాస్తున్నాను. ఇప్పుడైతే నువ్వు తిరిగి అరవలేవు కదా! గొంతు ఆపరేషన్ అయిన మనిషిని ఏడిపించడమేమిటని పెద్దక్క నా నెత్తిన మొట్టింది. నువ్వు లేకపోయేసరికి మన గుంపులో అందరికీ నేనే అలుసైపోయాను.

ఫోన్ చేద్దామంటే నువ్వు మాట్లాడకూడదు. మెసేజ్ పెడదామంటే పాట విడుదలయ్యేదాకా మా ఫోన్లన్నీ మేనేజరమ్మ బీరువాలోనే. పాట ముందే బయటికి పొక్కుతుందని ఆవిడ భయం. ఉత్తరాలు రాసుకుంటామంటే మాత్రం, "రాసుకోండమ్మా, కాగితంలోంచి పాట వినపడదుగా" అంది.

ముందు నీకు కావలసిన సంగతి చెప్పేస్తాను. మన ‘తెల్లారనీకు’ పాట వచ్చే నెల విడుదల. నువ్వు పాడాల్సిన చరణం పెద్దక్క పాడింది. పల్లవి మాత్రం నీ ఆపరేషన్‌కి ముందు ఐదుగురం కలిసి పాడిందే ఉంటుంది.

నిన్న మనం పల్లవి పాడిన గదిలోకి వెళ్తే ఏడుపొచ్చింది. మిగతాచోట్ల ఒక్కొక్కరిచేత విడిగా పాడించి తర్వాత అతికిస్తారట. మన మాస్టారికి పల్లవి అలా చేస్తే నచ్చదు. ఒకటే మైకు, దాని చుట్టూ మనందరం. ఎప్పుడూ మొహం చూసుకునే మన అద్దానిది సన్నగొంతు కాబట్టి మైకుకి ముక్కు తగిలేంత దగ్గర. పక్కన నేను, దొరికిన చోటల్లా నిద్రపోయే కునుకు, పెద్దక్క. నువ్వు మాత్రం అందరికంటే వెనక, తలుపుకి వీపు ఆనించి. నువ్వు దూరంగా ఉంటేనే మా గొంతులు బతుకుతాయనేవారు మాస్టారు. "గొంతున్న దాన్ని గుమ్మంలో నిలబెట్టారు" అని నువ్వు సణుక్కునేదానివి. నిన్న నేను ఆ తలుపు దగ్గర నిలబడి చూశాను. అక్కణ్ణుంచి మైకు కనపడదు, మా జడలే కనపడతాయి. ఇన్నాళ్ళూ ఎలా పాడావే?

గొంతు ఎలా ఉందో రాయి. నువ్వు మళ్ళీ పాడతావా లేదా అని ఇక్కడ గుసగుసలు మొదలయ్యాయి. పాడుతుందని నేను అందరితోనూ పోట్లాడుతున్నాను. నువ్వు వచ్చేదాకా నీ చోటు నీదే, ఒట్టు.

నీ బుడ్డి


పిన్ని కుట్టుషాపు, వెనక గది

బుడ్డీ,

పిన్ని నాకొక పలక కొనిచ్చింది. ఇంత వయసొచ్చాక మళ్ళీ పలకా బలపమూ పట్టుకుని తిరుగుతున్నాను. షాపుకి వచ్చేవాళ్ళకి నేను మాట్లాడనని తెలియగానే, నాకు చెవులు కూడా పనిచేయవని అనుకుంటున్నారు. నిన్న ఒకాయన ప్యాంటు పొట్టి చెయ్యమని చెప్పడానికి మోకాళ్ళు పట్టుకుని నా ముందు గెంతాడు. "దానికి శుభ్రంగా వినపడుతుంది బాబూ" అని పిన్ని మిషను దగ్గర్నుంచి అరిచింది. ఆయన "అయ్యో పాపం" అని నా చెవి దగ్గరికొచ్చి ఇంకా గట్టిగా అరిచాడు.

నవ్వొచ్చింది, కానీ నవ్వకూడదట. దగ్గకూడదు, గొంతు సవరించుకోకూడదు, గుసగుసలాడకూడదు. మామూలు మాటకంటే గుసగుసే ఎక్కువ చేటని డాక్టరమ్మ చెప్పింది. గొంతులోంచి తీసేసిన ఆ కండ ఎన్నేళ్ళుగానో పెరుగుతూ వచ్చిందట. మొన్నటి రికార్డింగ్ వల్ల వచ్చింది కాదు కాబట్టి, నీవల్లే మళ్ళీమళ్ళీ పాడాల్సొచ్చిందని నువ్వు కుమిలిపోకు. నీ సంగతి నాకు తెలుసు, ఇప్పటికే ఒక మూల కూర్చుని ఏడ్చి ఉంటావు.

పగలంతా జిప్పులు మారుస్తున్నాను, గౌన్ల అంచులు కుడుతున్నాను. మిషను నడుస్తున్నంతసేపూ మన పల్లవి మనసులో పాడుకుంటాను. మనసులో నా గొంతు లక్షణంగా ఉంది.

వచ్చేవారం డాక్టరమ్మ గొంతులోకి కెమెరా పెట్టి చూస్తుంది. విడుదల రోజుకి వచ్చేస్తాను. స్టేజీ మీద వేసుకునే నా నల్లకోటు ఎవ్వరికీ ఇవ్వకండి. కునుకు దాన్ని పరుచుకుని పడుకుందని తెలిసిందంటే ఊరుకోను.

భయంగా ఉందే. పిన్నికి చెప్పలేదు. పలక మీద రాస్తే ఎంత చిన్న భయమైనా ఇంతింత అక్షరాల్లో కనపడుతుంది.

నీ నగారా


డాన్స్ హాలు, నేల మీద కూర్చుని

నగారా,

ఇంకెవరో చెప్పగా వినేకంటే నేనే చెప్పడం మేలు. పోస్టరు మీద మేం నలుగురమే ఉన్నాం. కవరు మీద కూడా నాలుగు పేర్లే. ఫోటో తీసేటప్పుడు నువ్వు వచ్చేదాకా ఆగుదామని అందరం అడిగాం. "గొంతు బాగయ్యాక తర్వాతి పాటలో వేద్దాం, ఇప్పుడు లేని మనిషిని చూపిస్తే జనం ఏదని అడుగుతారు" అంది మేనేజరమ్మ. నేను నోరు పారేసుకున్నాను. ఆవిడ నా మాట విననట్టే లైట్లు సరిచెయ్యమని చెప్పింది.

పోస్టరు మీద నలుగురుంటే పాటలో ఐదో గొంతు ఎందుకని, పల్లవి కూడా మాచేత మళ్ళీ పాడించారు. ఉన్నమాట చెబుతున్నాను, నీ దగ్గర దాచాలనుకున్నది ఇదే. పొద్దుటినుంచి సాయంత్రం దాకా గొంతు చించుకున్నాం. మాస్టారు విని, కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, "పాట నిలబడటం లేదమ్మా, కింద ఏమీ లేదు" అన్నారు. పోనీ పాతదాంట్లోంచి ఆ పిల్ల గొంతు ఒక్కటీ తీసెయ్యండి అంది మేనేజరమ్మ. "పాలల్లో కలిపేసిన నీళ్ళు తియ్యమంటే ఎలా తీసేది? ఒకటే మైకులో పడింది. ఉంటే ఐదుగురూ ఉండాలి, లేకపోతే పాటే లేదు" అని మాస్టారు లేచిపోయారు.

అందుకని నువ్వున్నావు. పేరు లేదు, మొహం లేదు, కానీ ఉన్నావు. అది చాలదని నాకూ తెలుసు.

ఇంకొకటి కూడా జరిగింది. డాన్సు ఐదుగురికని కట్టింది కదా, నలుగురికి సర్దుదామని డాన్స్ టీచరు జరగమంది. మేం జరగలేదు. ముందుగా అనుకున్నది కూడా కాదు. నీ చోటు వెనక అలాగే వదిలేసి, దాని చుట్టూ తిరిగాం. ఆవిడ తిట్టింది, మళ్ళీ చెప్పింది, మళ్ళీ మేం అలాగే చేశాం. చివరికి దూరంగా వెళ్ళి చూసి, "సరే, ఉంచండి. చూడ్డానికి ఏదో ఉంది" అంది. వీడియో అలాగే తీశారు.

కోపం వస్తే తిట్టు. రాయకుండా మాత్రం ఉండకు.

నీ బుడ్డి


కుట్టుషాపు

బుడ్డీ,

పోస్టరు చూశాను. మా వీధి చివర గోడకి అంటించారు. నీ ఎత్తు పెంచడానికి కాళ్ళకింద ఏదో పెట్టారు, తెలిసిపోతోంది.

పేరు వెయ్యకపోతే పోనీ. నాకేం బాధ లేదు.

డాక్టరమ్మ చూసింది. అంతా బాగానే ఉందట, కొన్నాళ్ళు ఓపిక పట్టమంది. విడుదలకి రాలేను. షాపులో పని ఎక్కువగా ఉంది.

నగారా


బస్సులో, ఎక్కడున్నామో తెలియదు

ఒసే నగారా,

నీ ఉత్తరం నాలుగు ముక్కలే. ఏదో ఉందని అర్థమైంది, కానీ ఏమిటో ఊహించడానికి నాకు ధైర్యం చాలడం లేదు. బాగానే ఉందన్నావు కాబట్టి బాగానే ఉందనుకుంటున్నాను. పాట విడుదలైనా, ఈ ఊళ్ళ తిరుగుడు అయ్యేదాకా ఫోన్లు ఇవ్వనంది మేనేజరమ్మ.

పాట ఎలా పాకిందో నీకు వేరే చెప్పాలా? మొదటి వారం ఎవరూ పట్టించుకోలేదు. మేనేజరమ్మ మొహం వేలాడేసుకుని తిరిగింది. తర్వాత ఏమైందో ఏమో, ఎక్కడ చూసినా అదే. మంగలిషాపుల్లో, బస్సుల్లో, హోటల్లో గిన్నెలు కడిగేవాళ్ళ నోట్లో. పెట్రోలు బంకులో ఒకతను మా బస్సుకి డీజిల్ పోస్తూ పల్లవి పాడాడు, మేమెవరమో తెలియకుండానే! కునుకు లేచి కూర్చుని మొత్తం విన్నది. అది మెలకువగా ఉండటం చూసి మేమే ఆశ్చర్యపోయాం.

తమాషా ఏమిటంటే, ఎవరిని కదిపినా చరణం గుర్తుండదు, పల్లవే పాడతారు. అందులోనూ కిందనున్న నీ వరస పట్టుకుంటారు. పైవరస అద్దానిది, ఎవరికీ అందదు. నీదైతే అందరికీ నోటికొస్తుంది. జనం గుంపుగా పాడుతుంటే నీ గొంతే పెద్దదైనట్టు ఉంటుంది.

వీడియోలో మేం వదిలిన ఆ ఖాళీ గురించి ఎన్ని కథలో! ఒక పిల్ల చచ్చిపోయిందట, అది దాని ఆత్మ చోటట. దెయ్యమై పట్టుకోవే వీళ్ళని. ఇంటర్వ్యూలో అడిగితే మేనేజరమ్మ పక్కనుంచి, "ఆ చోటు వినేవాళ్ళది, అందులో మీరే నిలబడ్డట్టు" అని చెప్పేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను పళ్ళు బయటపెట్టి నవ్వుతూ కూర్చున్నాను. ఆ నవ్వు తల్చుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తోంది.

అందుకే ఆవిణ్ణి వదలకుండా సతాయించి ఒప్పించాను. ఏడాది చివర పెద్ద మైదానంలో కచేరీ ఉంది. ఆ రోజు నువ్వు వచ్చి నీ చోట్లో నిలబడతావు. ముందు ఎవరికీ చెప్పరు. లైటు నీమీద పడగానే జనానికి అర్థమవుతుంది. పల్లవి ఒక్కటే పాడితే చాలు. గొంతు సరిగ్గా రాకపోయినా ఫర్వాలేదు, రికార్డు వేస్తారు కాబట్టి పెదాలు కదిపితే చాలంది మేనేజరమ్మ. పేరు కూడా వేస్తానంది. నీ నల్లకోటు ఇస్త్రీ చేయించాను. కొలతలేమైనా మారాయా? కుట్టుషాపులోనే ఉన్నావు, కొలిచి రాయి.

నీ బుడ్డి


షాపు ముందు మెట్టు మీద

బుడ్డీ,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

రెండువారాలుగా కాగితం తీయడం, మళ్ళీ లోపల పెట్టెయ్యడం. ముందు ఇక్కడి సంగతులు రాస్తాను, దాంతో మిగతాది కూడా వచ్చేస్తుంది.

పోయిన వారం ఒకావిడ జాకెట్టు వదులు చేయించుకోవడానికి వచ్చింది. పిన్ని కొలుస్తుంటే ఆవిడ మన పల్లవి కూనిరాగం తీస్తోంది. "కిందుగా ఒక గొంతు వినపడుతుంది చూడండి, ఆ నలుగురిలో ఎవరిదో అది" అంది. పిన్ని ఎంతకని ఆపుకుంటుంది? "మా పిల్లది" అని నన్ను చూపించింది. ఆవిడ నన్ను చూసింది, నా పలక చూసింది. "మాటలు రాని పిల్లదా? బాగుందమ్మా, చెప్పడానికైనా ఓ హద్దుండాలి" అంది. కొలతంతా అయ్యాక పిన్ని లోపలికొచ్చి, ముఖానికి టేపు అడ్డంపెట్టుకుని ఏడ్చింది. నేను పక్కన నిలబడ్డాను. నా నోట్లోంచి ఒక్కమాట వచ్చుంటే ఆవిడ పరువు నిలిచేది. రానివ్వలేదు.

రాలేదని కాదు. రానివ్వలేదు. డాక్టరమ్మ కెమెరా పెట్టి చూసిన రోజునే మాట్లాడొచ్చని చెప్పింది. దాంతోపాటే ఇంకోమాట కూడా చెప్పింది. "మాట వస్తుందమ్మా, కానీ మారుతుంది. పాట మాత్రం రాదు. ఆశ పెట్టుకోకు." బాగానే ఉందని నీకు రాసింది అబద్ధం. నువ్వు అందరితో పోట్లాడుతున్నావని తెలిసి నిజం రాయలేకపోయాను. పిన్నికి కూడా చెప్పలేదు. నోరు తెరిస్తే ఏ గొంతు వస్తుందో అని భయపడి ఇన్నాళ్ళూ మూగదాన్నయి కూర్చున్నాను. తెరవనంతకాలం పాతదే ఉన్నట్టు ఉండేది.

నిన్న బడి వదిలాక ఐదుగురు ఆడపిల్లలు షాపు ముందు మన డాన్సు చేస్తున్నారు. నలుగురు ఆడుతున్నారు, ఐదో పిల్లని మా మెట్టు మీద కూర్చోబెట్టారు. దానికి అడుగులన్నీ వచ్చు, కూర్చునే పాదాలు కదుపుతోంది. వెనక నా చోటు మాత్రం జాగ్రత్తగా ఖాళీ వదిలి, చుట్టూ తిరుగుతున్నారు. చూడలేకపోయాను. లేచి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆ ఖాళీలో నిలబెట్టాను. మిగతావాళ్ళు గోల పెట్టారు. "అక్కా, అక్కడ ఎవరూ ఉండకూడదు! అది రూలు!"

"ఉండొచ్చు" అన్నాను.

అనుకోకుండా వచ్చేసింది. గరగరమంటూ, మధ్యలో విరుగుతూ, ఎవరో ముసలాయన నా వెనకనుంచి అన్నట్టుంది. పిల్లలు నోళ్ళు తెరిచారు. ఒకతి "అక్కకి మాటలొచ్చే!" అని కేకపెట్టింది. లోపల పిన్ని మిషను ఆగిపోయింది. బయటికొచ్చి గుమ్మం పట్టుకుని, "మళ్ళీ అనవే" అంది. అన్నాను. "ఇంకోటి ఏదైనా అను" అంది. "పిన్నీ" అన్నాను. అంతే, ఇద్దరం వీధిలోనే కూలబడి ఏడ్చాం. పిల్లలు కాసేపు చూసి, ఐదుగురూ ఆడుకోవడం మొదలుపెట్టారు.

బుడ్డీ, నేను రాను. నువ్వు ఎంత పోట్లాడి ఒప్పించి ఉంటావో తెలుసు. కానీ నా సొంత గొంతుకి నేనే పెదాలు కదపలేను. ఆ గొంతు గల మనిషి అప్పుడు ఆ తలుపు దగ్గర నిలబడింది, బాగా పాడింది. ఇప్పుడు నేను ఆ మనిషిని కాను. నా చోటు ఉంచినందుకు నీకు ఎంత రుణపడ్డానో చెప్పలేను. ఇంక మూసెయ్యండి. మీ నలుగురికీ చాలినంత జాగా తీసుకోండి. మీరు దాన్ని ఉంచినంతకాలం నేను ఇక్కడ నోరు తెరవలేను.

కోటు పెద్దక్కకి సరిపోతుంది. భుజాల దగ్గర కొంచెం వదులు చెయ్యాలి, పంపితే నేనే చేస్తాను.

నీ నగారా


మా గది, కిటికీ పక్కన

నగారా,

నీ ఉత్తరం చదివి రెండురోజులు నీతో మనసులోనే పోట్లాడాను. ఎందుకే అబద్ధం రాశావు? నేను ఇక్కడ పెద్ద స్టేజీలూ లైట్లూ అని రాస్తుంటే నువ్వు అక్కడ ఒంటరిగా ఆ మాట మింగి కూర్చున్నావు. పెదాలు కదిపితే చాలని రాసింది నేనే కదా! ఆ వాక్యం వెనక్కి తీసుకోవడానికి ఏమిచ్చినా ఇస్తాను.

మిగతా ముగ్గురికీ చదివి వినిపించాను. పెద్దక్క బయటికి వెళ్ళిపోయింది. కునుకు ఆ రోజు పగలు నిద్రపోలేదు. అద్దం మాత్రం, "మూసెయ్యమంది కదా, మూసేద్దాం. ఇది మనకోసం కాదు, దానికోసం" అంది. దానికి ఇంత బుద్ధి ఉందని నాకు తెలియదు.

నిన్న కచేరీ అయింది. మూసేశాం. మేనేజరమ్మకి చెప్పకుండా డాన్స్ టీచరు మళ్ళీ కట్టింది, మేం జరిగాం. పాట మొదలైన కాసేపటికి జనానికి తెలిసి, "చోటేదీ, చోటేదీ" అని అరిచారు. కొందరు ఈల వేశారు. మేనేజరమ్మకి నెత్తిమీద పిడుగు పడినట్టయింది. ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు.

నేను నీకు చెప్పాలనుకున్నది వేరే. పల్లవి రాగానే రికార్డులోంచి నీ గొంతు వచ్చింది. నేను వెనక్కి తిరిగి చూశాను. అన్నిసార్లు ఆడినప్పుడు ఒక్కనాడూ చూడలేదు, ఖాళీ ఉంది కాబట్టి నువ్వు అక్కడున్నావనే అనుకునేదాన్ని. నిన్న నా భుజానికి పెద్దక్క భుజం తగిలింది. నువ్వు రావని నాకు అప్పుడు అర్థమైంది. అంతమంది ముందు అడుగు తప్పాను. వీడియోలో పడింది, అందరూ చూస్తారు, చూడనీ.

మా ఫోన్లు మాకిచ్చేశారు. పాత నంబరే. నిన్ను మాట్లాడమని బలవంతపెట్టను. కానీ నాకు వినాలనుంది. దాచకుండా చెబుతున్నాను, భయంగా కూడా ఉంది. రోజూ నీ పాత గొంతు వింటున్నదాన్ని నేను. కొత్తది విని నేను ఏడిస్తే నువ్వు ఫోన్ పెట్టేస్తావని భయం.

నీ బుడ్డి


పిన్ని కత్తిరింపు బల్ల మీద

బుడ్డీ,

ఏడిస్తే ఏడువు. ఫోన్ పెట్టెయ్యను.

షాపులో ఇప్పుడు నేనే మాట్లాడుతున్నాను. జలుబు చేసిన పోలీసాయన గొంతులా ఉందని, బేరమాడేవాళ్ళు తగ్గారని పిన్ని సంబరపడుతోంది. ప్యాంటు పొట్టి చేయించుకున్నాయన మళ్ళీ వచ్చాడు. "బాగున్నారా" అంటే గతుక్కుమని, తనకి వినపడదేమో అన్నట్టు చెవి గోక్కున్నాడు. నవ్వాను. నవ్వు కూడా మారిందే. కానీ నాదే.

నీ వీడియో చూశాను. అందరూ ముందుకి చూస్తుంటే నువ్వొక్కదానివి వెనక్కి తిరిగావు. అక్కడే ఆపి చాలాసేపు చూశాను. అంతదూరం నుంచి కూడా నువ్వు నన్నే వెతుకుతున్నావని తెలిసిపోయింది.

రేపు సాయంత్రం షాపు మూశాక ఫోన్ చేస్తాను. నంబరు పిన్నిది, నీ దగ్గర లేదు, తెలియని నంబరని ఎత్తకుండా ఉండకు. నువ్వు ఎత్తగానే నాకు కాసేపు మాట రాకపోవచ్చు. వచ్చాక నీ పేరే పిలుస్తాను. ఆ గొంతు విని, పొరపాటున కూడా, "ఎవరండీ" అని మాత్రం అనకు.

నేనే.